పెన్ కోవ్‌లో పీతలు: ఎక్కడ దిగాలి, ఎక్కడ ఉండాలి, ఏది వదిలేయాలి

వేసవి వచ్చిందంటే సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్లు చాలామంది బోటు అద్దెకు తీసుకుని, క్రాబ్ పాట్లు (ఎర పెట్టి నీళ్ల అడుగుకు దించే బోన్లు) వేసి డంజెనెస్ అనే రకం పీతలు పడతారు. నాకు మాత్రం స్నార్కెల్ (నీళ్లలో ఊపిరి పీల్చే గొట్టం) పెట్టుకుని, చేత్తో పట్టడమే ఇష్టం. పాట్‌లో ఏది పడుతుందో పైకి లాగేదాకా తెలియదు. నీళ్లలో అయితే ముందు చూస్తాం, తర్వాతే ముట్టుకుంటాం. ఆడదైతే ఉన్నచోటే వదిలేసి వెళ్లిపోవచ్చు. పైగా తాడు తెగి అడుగున ఉండిపోయిన పాట్లు పీతలను చంపుతూనే ఉంటాయి. సియాటిల్‌ను ఆనుకున్న సముద్రపు పాయ పుగెట్ సౌండ్‌లో ఏటా 12 వేల దాకా పాట్లు పోతాయని అంచనా. చేతికి ఆ గొడవ లేదు.

ఈసారి బావా నేనూ మూడు చోట్లను పోల్చి చూశాం.

ఎడ్మండ్స్ అండర్‌వాటర్ పార్కు సియాటిల్‌కు దగ్గర. ఫెర్రీ రేవు పక్కనే, 1970 నుంచి రక్షిత ప్రాంతం. నీళ్ల అడుగున దారి చూపే తాళ్లు కూడా కట్టి ఉంటాయి. అక్కడ ఏదీ పట్టకూడదు. అయినా కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు ఇక్కడికే వెళ్లాలంటాను. ఎవరూ పట్టని చోట పీతలు బెదరవు. ఇసుకలో ఎలా కూరుకుంటాయో, కళ్లు మాత్రం ఎలా బయట పెడతాయో తీరిగ్గా చూసి నేర్చుకోవచ్చు.

హుడ్ కెనాల్ పేరుకే కాలువ, నిజానికి సముద్రపు పాయ. దాని అందం గురించి చెప్పనక్కర్లేదు. డోసీవాలిప్స్ స్టేట్ పార్కులో క్యాబిన్లు శుభ్రంగా ఉన్నాయి, పిల్లలతో వెళ్లేవాళ్లకు అదే మంచిది. కానీ పీతల విషయంలో జాగ్రత్త. పీతల సంఖ్య పడిపోవడంతో ఏయాక్ పాయింట్‌కు దక్షిణాన కొన్నేళ్లుగా వేట మూసేశారు. డైవర్లు ఎక్కువగా వెళ్లే సండ్ రాక్, ఆక్టోపస్ హోల్ ఎలాగూ రక్షిత ప్రాంతాలే. దక్షిణ భాగంలో నీళ్లు సరిగా కలవక ఆక్సిజన్ తగ్గిపోతుంది, కొన్ని ఏళ్లలో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి కూడా. అలాంటి చోట చట్టం ఒప్పుకున్నా నాకు చెయ్యి రాదు.

మాకు బాగా నచ్చింది విడ్బీ ద్వీపంలోని పెన్ కోవ్ అనే చిన్న అఖాతం. మకిల్టియో నుంచి క్లింటన్‌కు ఫెర్రీలో 20 నిమిషాలే, కానీ ఆ ఫెర్రీకి రిజర్వేషన్ ఉండదు. శుక్రవారం సాయంత్రం వెళితే కార్ల వరసలోనే పొద్దుపోతుంది. శనివారం తెల్లవారకముందే బయల్దేరితే ఏ టెన్షన్ లేదు. కూప్‌విల్ ఊరు చిన్నది, రేవు దాకా నడిచి వెళ్లొచ్చు. 1970 ఆగస్టులో పిల్ల ఓర్కాలను (కిల్లర్ వేల్స్) వలలు వేసి పట్టుకుపోయింది ఈ నీళ్లలోనే. వాటిలో టోకిటే అనే ఓర్కా మయామీ సీక్వేరియంలో యాభై ఏళ్లకు పైగా ఉండి 2023లో చనిపోయింది. ఇక్కడ నీళ్లలో దిగిన ప్రతిసారీ అది గుర్తొస్తుంది నాకు.

ఆ కోవ్ లోపల ప్రవాహం నెమ్మది. ఒడ్డుకు దగ్గర్లోనే ఈల్‌గ్రాస్ అనే సముద్రపు గడ్డి. నీళ్లు వెనక్కి తగ్గే పాటు వేళ నిలువెత్తు నీళ్లలోనే పీతలు కనిపిస్తాయి. వేసవిలో పెద్ద పాటు పగటిపూటే వస్తుంది కాబట్టి వెలుతురుకు లోటుండదు. ఒక్క విషయం: వాషింగ్టన్‌లో ఒడ్డు చాలావరకు ప్రైవేటుది. పబ్లిక్ తీరం నుంచే దిగండి. మసెల్స్ అనే ఆల్చిప్పలు పెంచే తెప్పల దగ్గరికి పోకండి.

గడ్డి మొదట్లో ఇసుక కొంచెం ఉబ్బినట్టు ఉంటుంది. పరీక్షగా చూస్తే రెండు కళ్లు, మీసాల కొసలు. ఎదురుగా వెళితే డెక్కలు చాచి లేస్తుంది. వెనక నుంచి వెళ్లి, బొటనవేలు కిందా మిగతా వేళ్లు పైనా వచ్చేలా డిప్ప వెనక అంచు పట్టుకోవాలి. అక్కడికి దాని డెక్కలు అందవు. వెంటనే తిప్పి పొట్ట చూడాలి: మడత సన్నగా ఉంటే మగది, వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది. డంజెనెస్‌లో ఆడదాన్ని పట్టకూడదు. మగది 6.25 అంగుళాలు ఉండాలి, అదీ డిప్ప పక్కల ముళ్లను వదిలేసి కొలవాలి. కాలు నొక్కితే లొట్టపోయిందంటే ఈమధ్యే డిప్ప విడిచిందని అర్థం. దానిలో కండ ఉండదు, పట్టనూ కూడదు. రోజుకు మనిషికి 5. డెక్కల కొనలు నల్లగా ఉంటే అది రెడ్ రాక్ క్రాబ్. అది 5 అంగుళాలుంటే ఆడదైనా మగదైనా తీసుకోవచ్చు, రోజుకు 6. డిప్పకు గుచ్చుకునే ఏ పరికరమూ వాడకూడదు.

రెండో రోజు ఒక పెద్ద మగపీత కదలకుండా కూర్చుని ఉంది. బావ పైకి తేలి, “సైజు ఉందిరా, తీసేద్దామా?” అన్నాడు. మళ్లీ దిగి చూస్తే దాని పొట్ట కింద ఆడపీత. ఆడది డిప్ప విడిచే ముందు మగది ఇలా రోజుల తరబడి పట్టుకుని కాపలా ఉంటుంది, విడిచాకే జత కడతాయి. మగదాన్ని పడితే చట్టం ఏమీ అనదు. కానీ ఆ ఆడది ఒక్కసారికి మోసే గుడ్లు లక్షల్లో ఉంటాయి. “వదిలెయ్ బావా” అన్నాను. తనూ మారు మాట్లాడలేదు. భీమవరంలో గుడ్లున్న పీత దొరికితే పండగ చేసుకున్నవాళ్లం ఇద్దరం. ఆ రుచి మీద మోజు నాకూ ఉంది. అయినా ఈ నీళ్లలో ఆ కోరిక పక్కన పెట్టాల్సిందే.

నీళ్లు వేసవిలోనూ చల్లనే. 7 ఎంఎం మందం వెట్‌సూటు, తలకు హుడ్, గ్లవ్స్ లేకుండా దిగొద్దు. మేం అద్దెకు తీసుకున్న ఒక షాపులో సూటు మోకాలి దగ్గర చిరిగి ఉంది. అడిగితే మార్చారు గానీ గంట పోయింది. షాపులోనే తొడుక్కుని చూసుకోండి. ఇక ఊపిరి బిగబట్టి దిగేటప్పుడు ఒకరు కిందుంటే మరొకరు పైనుంచి చూస్తూ ఉండాలి. దిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదలడం ప్రాణాంతకం. నీళ్లలోనే స్పృహ తప్పుతుంది, అదీ ముందు తెలియకుండా.

బసకు కూప్‌విల్‌లో వంటిల్లున్న అద్దె ఇల్లే సరైనది. ఇంట్లో పీతలు వండొద్దని కొందరు ఓనర్లు ముందే రాస్తారు, బుక్ చేసేముందు చదవండి. మాకు దొరికిన ఇంట్లో పెరట్లో గ్యాస్ బర్నర్ ఉంది. అల్లం వెల్లుల్లి, కారం, చింతపండు ఇంటి నుంచే తీసుకెళ్లాం. టెంటు వేసుకునేవాళ్లకు దగ్గర్లోనే ఫోర్ట్ ఈబీ స్టేట్ పార్కు ఉంది. ఒడ్డుకు చేరేదాకా డిప్ప తీయకూడదు. ఇంకో మాట: డిప్పలోని పసుపు కొవ్వును పులుసులో వేయకండి. ఆల్చిప్పలు తిన్న పీతలో విషం చేరేది అందులోనే, వండినా పోదు.

లైసెన్సుతోపాటు పుగెట్ సౌండ్ క్రాబ్ ఎండార్స్‌మెంట్ (పీతలకు విడిగా తీసుకునే అనుమతి), క్యాచ్ రికార్డ్ కార్డు (పట్టినవి రాసే కార్డు) ఉండాలి. డంజెనెస్‌ను ఉంచుకున్న వెంటనే కార్డులో రాయాలి. సీజన్ తేదీలు, వారంలో తెరిచే రోజులు ఏటా మారతాయి, వెళ్లే ముందు వాషింగ్టన్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ సైట్ చూసుకోండి. సీజన్ ముగిశాక ఒక్క పీత పట్టకపోయినా రిపోర్టు పంపాలి, లేకపోతే మరుసటి ఏడాది లైసెన్సు మీద 10 డాలర్లు అదనం. వచ్చే ఏడాది ఎక్కడ ఎన్ని రోజులు తెరవాలో వాళ్లు లెక్కవేసేది ఈ రిపోర్టులు చూసే.