జాగ్రత్త: ‘ఏ ఇత్తడికైనా సరే’ అంటూ అమ్ముతున్న టంబ్లర్ యంత్రాలు

బెంగళూరులో నగర్తపేట, చిక్కపేట ప్రాంతాల్లో ఇత్తడి సామాను తోమి, మెరుగుపెట్టి ఇచ్చే మన తెలుగువారిలో కొందరు ఈ మధ్య చేతిపని తగ్గించుకోవడానికి టంబ్లర్, అంటే సామానును తిప్పుతూనో అదిలిస్తూనో మెరుగుపెట్టే యంత్రం, కొనాలని చూస్తున్నారు. అలాంటి యంత్రం ఒకటి కొని మేము పడిన ఇబ్బందిని వారికోసమే రాస్తున్నాను. మాది నాట్యం నేర్చుకునే పిల్లల పాత గజ్జెలను విప్పి, చెమటకు పట్టిన చిలుము వదిలించి, తిరిగి పట్టీలకు కుట్టి ఇచ్చే చిన్న పని. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందున అమ్మినవారి పేరు రాయడం లేదు.

ఆన్‌లైన్ ప్రకటనలో చూపినది రోటరీ టంబ్లర్. తుపాకీ పేల్చాక మిగిలే ఇత్తడి గొట్టాలను కడిగి మళ్లీ నింపుకునే అమెరికా షూటర్ల కోసం తయారయ్యే రకం ఇది. పీపాలో నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు ద్రవం, కొద్దిగా నిమ్మ ఉప్పు, సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు పిన్నులు వేసి కొన్ని గంటలు తిప్పితే గొట్టం లోపలి మసి కూడా వదిలిపోతుంది. ఆ పనికి అది మంచి యంత్రమేనని ఒప్పుకోవాలి. తూటా గొట్టం 70 శాతం రాగి, 30 శాతం జింకు కలిసిన ఒకే లోహం. దాని నోరు తెరిచి ఉంటుంది, లోపల మరో వస్తువేదీ ఉండదు. గజ్జె అలా కాదు. దానికి సన్నని చీలిక, లోపల ఇనుప గుండు ఉంటాయి. ఈ తేడాను ముందే వివరించి అడిగితే, ‘ఏ ఇత్తడికైనా సరే, నిశ్చింతగా వాడండి’ అని అమ్మినవారు రాతపూర్వకంగా జవాబిచ్చారు.

జరిగినది వేరు. పిన్నులు చీలికల్లోంచి లోపలికి దూరి అడ్డం తిరిగాయి. పైకి బంగారంలా మెరుస్తున్న గజ్జెను చెవి దగ్గర ఆడిస్తే ఘల్లుమనడానికి బదులు గరగరమంది. పట్టకారుతో ఒక పిన్ను లాగేసరికి రెండోది ఇంకా లోపలికి జరిగేది. తడి ఆరనందువల్ల లోపలి గుండ్లు తుప్పుపట్టి, చీలిక అంచుల వెంట ఎర్రని చారలు దిగాయి. పిన్నుల నాణ్యత కూడా అంతంతమాత్రమే: స్టెయిన్‌లెస్ అని అమ్మినవాటిని కొన్నింటిని ఉప్పునీటిలో రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి నీరు ఎర్రబడింది. అయస్కాంతానికి అంటుకున్నంత మాత్రాన పిన్ను నకిలీదని చెప్పలేము, ఎందుకంటే తీగగా లాగిన మంచి స్టెయిన్‌లెస్ కూడా కొంచెం అంటుకుంటుంది. ఉప్పునీటి పరీక్షే నమ్మదగినది. గజ్జెలకు అసలు తడి పద్ధతే పనికిరాదు. మొక్కజొన్న కండెల రవ్వతోనో అక్రోటు పెంకుల పొడితోనో నడిచే వైబ్రేటరీ యంత్రమే తీసుకోవాలి, అందులోనూ రవ్వ చీలికలో దూరనంత పెద్దదిగానో, దూరినా తేలిగ్గా రాలిపోయేంత సన్నగానో ఉండాలి.

ఇక కరెంటు విషయం. ప్రకటనలో 230 వోల్టులు అని ఉంది, మోటారుకు అతికించిన పలకపై మాత్రం 120 వోల్టులు, 60 హెర్ట్జ్ అని ఉంది. అడిగితే ఎస్పీ రోడ్డులో ఒక ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కోమన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గించగలదే గాని, మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగడాన్ని (50 హెర్ట్జ్) 60 చేయలేదు. అటువంటి ఇండక్షన్ మోటారు ఇక్కడ ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, పైగా ఎక్కువ వేడెక్కుతుంది. గంటల తరబడి ఆగకుండా తిరగవలసిన యంత్రానికి ఇది చిన్న లోపం కాదు.

సామర్థ్యం అంకెలను కూడా నమ్మి మోసపోకండి. 15 పౌండ్ల యంత్రం, అంటే సుమారు 6.8 కిలోలు, అని రాస్తే అందులో నీరు, పిన్నులు కూడా కలిసే ఉంటాయి. అమెరికాలో వాడుకలో ఉన్న కొలత ప్రకారం ఒక గ్యాలన్ (సుమారు ఎనిమిది పౌండ్ల) నీరు, ఐదు పౌండ్ల పిన్నులు పోను ఇత్తడికి మిగిలేది రెండు పౌండ్లే, అంటే కిలో కూడా కాదు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టినది మరొకటి. కొత్తదని అమ్మిన ఆ పీపా మూత రబ్బరు కింద నల్లని జిడ్డు, అందులో చొక్కా గుండీలో సగం కూడా లేని ఒక లోహపు బిళ్ల కనిపించాయి. సైన్యంలో పనిచేసి రిటైరైన మా పైవాటా ఆయన దాన్ని చూసి, అది పేలిన తూటా అడుగున ఉండే ప్రైమర్, అంటే తూటాలోని మందును అంటించే బిళ్ల, అని గుర్తుపట్టారు. ప్రైమర్ మందులో సాధారణంగా విషపూరితమైన సీసపు (లెడ్) సమ్మేళనం ఉంటుంది. అందుకే వాడేసిన తూటాలను తిప్పిన యంత్రంలోని దుమ్మును పీల్చకూడదని షూటర్లే హెచ్చరిస్తారు. అలాంటి యంత్రంలో పిల్లల కాళ్లకు కట్టే గజ్జెలను, దేవుడి దగ్గర పెట్టే కుందులను ఎలా వేస్తాము? పైగా ఆయుధాల చట్టం, 1959 తూటా భాగాలను కూడా మందుగుండు నిర్వచనంలో చేర్చింది. కాబట్టి పెట్టెలో ఖాళీ గొట్టాల్లాంటివి ఏవైనా వస్తే ఇంట్లో దాచుకోకుండా పోలీసు స్టేషనుకు రాతపూర్వకంగా తెలియజేయండి. మేము అదే చేశాము.

యంత్రంతో పాటు ‘ఉచితం’ అంటూ పేరులేని పాలిష్ ద్రవం సీసా ఒకటి ఇస్తే దాన్ని వాసన చూడండి. ఘాటుగా అమోనియా వాసన వస్తే వాడకండి. బ్రిటిష్ కాలంలో మన దేశంలోనే గుర్రపుశాలల్లో నిల్వచేసిన తూటాల గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి, అందుకు కారణం అమోనియా అని 1921లో తేల్చారు. సాగదీసి చేసిన ఇత్తడికి ఈ ముప్పు ఎప్పుడూ ఉంటుంది. నిమ్మ ఉప్పు మోతాదు మించినా, పీపా మరీ ఎక్కువసేపు తిరిగినా పైపొరలోని జింకు కరిగి ఇత్తడి గులాబీరంగుకు తిరుగుతుంది, అది మెరుపు అనుకోకండి.

ఇంకా కొనదలచినవారు పీణ్య వైపు యంత్రాలు అమ్మే చోటికి స్వయంగా వెళ్లి, మీ సరుకే పిడికెడు తీసుకుపోయి, మీ కళ్ల ముందే తిప్పించి చూశాకే డబ్బు చెల్లించండి. అందుకు ఒప్పుకోని చోట కొనకండి. ఆన్‌లైన్‌లోనే కొనక తప్పకపోతే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి, మోటారు పలక ఫొటోను, అమ్మినవారి జవాబులను భద్రపరచుకోండి. ‘వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారులు కారు’ అని మాతో వాదించినట్టే మీతోనూ వాదించవచ్చు. అయితే స్వయం ఉపాధితో జీవనం గడుపుకోవడానికి మాత్రమే కొన్నవారిని వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మినహాయించలేదు. ఫిర్యాదు చేయడానికి జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు 1915. సగం డబ్బు తిరిగి ఇస్తామని మాకు ఇప్పుడు కబురు పెడుతున్నారు, మేము మొత్తం అడుగుతున్నాము.