ఏజెన్సీ ఊళ్ల ఆశాలకి ఏది మేలు: విడతల శిక్షణా, వారం వారం నేర్పడమా?

పాడేరు, ఉట్నూరు లాంటి చోట్ల రోడ్డు లేని గూడెంలో బాలింతకి జ్వరమొస్తే ముందు వెళ్లేది ఆశానే, కాబట్టి ఆమెకి పని ఎలా నేర్పుతున్నామన్నది చాలా పెద్ద విషయం.

ఇప్పుడున్నది విడతల పద్ధతి. 2005లో ఆశా పథకం మొదలైనప్పుడు తొలి శిక్షణ 23 రోజులన్నారు, తర్వాత 6, 7 మాడ్యూళ్లకి (శిక్షణ పుస్తకాలకి) ఇంకో 20 రోజులు, అదీ అయిదేసి రోజుల చొప్పున నాలుగు విడతల్లో. ఆ పైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) పరీక్ష, సర్టిఫికెట్. దేశమంతా ఒకే పాఠం లక్షల మందికి చేరిందంటే ఈ పద్ధతి వల్లే, అది చిన్న విషయం కాదు.

రెండోది మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్ పద్ధతి. 1970లో ఆరోలే డాక్టర్ దంపతులు మొదలుపెట్టారు. ఊరి ఆరోగ్య కార్యకర్తలుగా తీసుకున్న, చదువు రాని ఆడవాళ్లు కూడా వారం వారం సెంటర్‌కి వచ్చి ఊళ్లో ఏం చూశారో చెప్పేవాళ్లు, దాని మీదే పాఠం నడిచేది.

నా ఓటు రెండోదానికే. ఎందుకంటే, పురిటిబిడ్డ ఊపిరి లెక్కపెట్టడమే తీసుకోండి: బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, బట్ట పైకి జరిపి, పొట్ట లేచి పడడం చూస్తూ నిమిషం నిండా లెక్కపెట్టాలి, 60 గానీ అంతకు మించి గానీ వస్తే మళ్లీ ఓసారి లెక్కపెట్టాలి, డొక్కలు ఎగరేస్తోందా అని కూడా చూడాలి. ఇది క్లాసులో వింటే వచ్చేది కాదు, పక్కన ఒకరుండి పదిసార్లు చేయించాలి. మహారాష్ట్రలోనే గడ్చిరోలిలో బంగ్ డాక్టర్ దంపతులు పల్లె ఆడవాళ్లకి ఇలాంటివి నేర్పి, పక్కనుండి చూసుకుంటూ ఇంటింటికీ పంపితే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది.

అలాగని సర్టిఫికెట్ వద్దనను. ఆ కాగితం ఉంటే ఆస్పత్రిలో ఆమె మాటకి విలువుంటుంది, రేపు ఏఎన్‌ఎం కోర్సుకి వెళ్లాలన్నా పనికొస్తుంది. కానీ పరీక్షలో రాతకంటే చేతిపనికి ఎక్కువ మార్కులుండాలి, గోండి, కువి మాట్లాడేవాళ్లని వాళ్ల భాషలోనే అడగాలి.

కొండల్లో వారం వారం రావడం కష్టమే, నిజం. మొదటి ఏడాది పదిహేను రోజులకోసారి దగ్గర్లోని పీహెచ్‌సీలో పెట్టినా చాలు, ఆ రోజు కూలీ, దారి ఖర్చులు మాత్రం అక్కడికక్కడే చేతిలో పెట్టాలి.