రెండేళ్ల గ్రీన్ కార్డును ‘రెన్యువల్’ చేయిస్తామనే కన్సల్టెన్సీలతో జాగ్రత్త

అమెరికా సంబంధం చేసుకొని, పెళ్లి ద్వారా వచ్చే గ్రీన్ కార్డు కోసం మన ఊళ్లలోని కన్సల్టెన్సీలకు డబ్బు కట్టబోతున్న తల్లిదండ్రులకు ఈ హెచ్చరిక. కడపలో ఏడు రోడ్ల కూడలికి దగ్గరగా, మేడ మీద రెండు గదుల్లో నడిచే ఒక సంస్థ మా అమ్మాయి కేసును నాలుగేళ్లపాటు చూసింది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే ఆలోచనలో ఉన్నందున దాని పేరు ఇక్కడ రాయడం లేదు. అయినా మీకు పేరు కన్నా వాళ్లు పనిచేసిన తీరు తెలియడమే ముఖ్యం.

మా అమ్మాయి పెళ్లి 2021 ఆగస్టు 25న దేవుని కడపలో జరిగింది. అల్లుడు అమెరికా పౌరుడు. ఆ అక్టోబరులోనే అతని పేరు మీద, భార్యను అమెరికాకు తెచ్చుకోవడానికి వేసే ఐ-130 పిటిషన్ వేశారు. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగిసి, 2023 జూన్‌లో వీసా వచ్చింది. పాస్‌పోర్టులో అతికించిన ఆ వీసా మీద ‘సీఆర్1’ అని చిన్నగా అచ్చయి ఉంది. దాని అర్థమేమిటని నేను అడిగితే, అది కోడ్ నంబరని, మనకు పనిలేదని కౌంటర్‌లోని అబ్బాయి చెప్పాడు.

నిజానికి మొత్తం కేసులో మాకు అన్నిటికన్నా అవసరమైనది ఆ కోడే. ‘సీఆర్’ అంటే కండిషనల్ రెసిడెంట్, షరతుల మీద ఉండేవారని. అమెరికాలో అడుగుపెట్టే రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, 1986లో దొంగ పెళ్లిళ్లను అరికట్టడానికి తెచ్చిన చట్టం ప్రకారం షరతులతో కూడిన నివాస హోదా మాత్రమే ఇస్తారు, కార్డు రెండేళ్లకే ముగుస్తుంది. రెండేళ్లు నిండాక అడుగుపెడితే పదేళ్ల కార్డు వస్తుంది. లెక్క చూసేది దేశంలో ప్రవేశించిన తేదీని బట్టే తప్ప ఇంటర్వ్యూ తేదీని బట్టి కాదు. మా అమ్మాయి 2023 ఆగస్టు 3న దిగింది, అంటే ఇరవై రెండు రోజుల తేడా. వీసాకు నవంబరు దాకా గడువుంది. అధిక శ్రావణంలో పిల్లను పంపడమెందుకు, నిజ శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం చేసుకొని వెళుతుందిలే అని మా ఇంటావిడ మొత్తుకున్నది. ఆ ఏడాది వ్రతం సరిగ్గా ఆగస్టు 25నే వచ్చింది. విమానం టికెట్లు కూడా తామే అమ్మే ఆ సంస్థవాళ్లు మాత్రం, ఆలస్యం చేస్తే రేట్లు పెరుగుతాయని తొందరపెట్టి, వాళ్ల దగ్గరే బుక్ చేయించారు. చట్టం ఏమీ తెలియని మా ఇంటావిడ మాట విన్నా మాకు ఈ కష్టమే ఉండేది కాదు.

అంతటితో ఆగినా సర్దుకునేవాళ్లం. రెండేళ్ల కార్డు ఉన్నవారు అది ముగియడానికి ముందున్న తొంభై రోజులలో, భార్యాభర్తలిద్దరూ సంతకాలు చేసి, షరతులు తొలగించాలని కోరుతూ ఐ-751 దరఖాస్తు వేసుకోవాలి. మా అమ్మాయి విషయంలో ఆ గడువు 2025 మే 5 నుంచి ఆగస్టు 3 వరకు. జూన్‌లో ఆ సంస్థవాళ్లు ఫోన్ చేసి, కార్డు రెన్యువల్‌కు వచ్చిందని చెప్పి, రుసుముతో కలిపి తొంభై వేలు కట్టించుకొని, ఐ-90 వేశారు. ఐ-90 అనేది పదేళ్ల కార్డు ముగిసినప్పుడో, కార్డు పోయినప్పుడో కొత్త కార్డు కోసం వేసేది. దానివల్ల షరతులు తొలగవు, గడువూ పెరగదు. ఐ-751 వేయకుండా గడువు దాటిందంటే హోదా రద్దవుతుంది, దేశం నుంచి పంపించే విచారణ కూడా మొదలు కావచ్చు. కార్డు మీద ‘పర్మనెంట్ రెసిడెంట్’ అని పెద్ద అక్షరాలతో ఉండడం చూసి మేము నిశ్చింతగా ఉండిపోయాం.

ఐ-90ను తిరస్కరించిన సంగతి అక్టోబరులో గాని మాకు తెలియలేదు, అదీ అనుకోకుండా. ఆన్‌లైన్ ఖాతాను ఆ సంస్థవాళ్లు తమ ఈమెయిలుతో, తమ ఫోన్ నంబరుతో తెరిచారు. పాస్‌వర్డ్ అడిగితే ‘అది మా ఆఫీసు పద్ధతి కాదు సార్’ అన్నారు. మా అల్లుడు వేరే పనిమీద ఒక ఇమిగ్రేషన్ లాయరును కలిసినప్పుడు ఆయన కార్డు తీసుకొని చూసి, ఐ-751 రసీదు ఏదని అడిగారు. అప్పటికి గడువు దాటి రెండు నెలలు దాటింది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఇంటర్వ్యూకు ముందు, దంపతుల బంధం బలంగా కనబడాలంటూ పాత తేదీతో ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా కాగితాలు ‘తయారు చేయిస్తామని’ పాతిక వేలు అడిగారు. మేము ఒప్పుకోలేదు. మా పిల్లలది నిజమైన పెళ్లి, ఫోటోలూ ఫోన్ బిల్లులూ కావలసినన్ని ఉన్నాయి. అలాంటి కాగితం ఒక్కటి పట్టుబడినా నిజమైన పెళ్లినే అనుమానిస్తారు. ఇమిగ్రేషన్ కోసం దొంగ పెళ్లి చేసుకున్నారని తేలితే ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా ఉన్నాయి, ఆ తర్వాత బంధువులెవరు పిటిషన్ వేసినా ఆమోదించరు.

డబ్బు సంగతికి వస్తే, ‘గవర్నమెంటు ఫీజులు’ అని మా దగ్గర తీసుకున్నది రెండు లక్షల ఎనభై వేలు. అప్పట్లో ఐ-130కి 535, వీసా దరఖాస్తుకు 325, స్పాన్సర్ అఫిడవిట్ పరిశీలనకు 120, కార్డు అచ్చుకు కట్టే ఇమిగ్రెంట్ ఫీజు 220, మొత్తం 1,200 డాలర్లు, అంటే లక్ష రూపాయల లోపు. మిగిలిన దానికి లెక్క అడిగితే సర్వీస్ చార్జీ అన్నారు, కాని సర్వీస్ చార్జీ విడిగా కట్టిన అరవై వేలకు మాత్రమే రసీదు ఇచ్చారు. కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది, ఐదు లక్షల లోపు సేవలకు రుసుమూ లేదు. నా చేతిలో ఉన్నది మాత్రం ఆ ఒక్క రసీదు, కొన్ని ఫోన్‌పే చెల్లింపులు.

డబ్బు కట్టేముందు ఒక్కటి అడగండి: జీ-28 పత్రం మీద సంతకం చేసేదెవరు? దరఖాస్తుదారు తరఫున లాయరు నిలబడుతున్నట్టు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే పత్రం అది. అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రపు బార్‌లో లైసెన్సు ఉన్న లాయరుగాని, అక్కడి న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధిగాని తప్ప ఇతరులు అలా నిలబడడానికి వీల్లేదు. లైసెన్సు ఉందో లేదో ఆ రాష్ట్ర బార్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడవచ్చు. మా దరఖాస్తులన్నిటిలో ‘తయారు చేసినవారు’ అన్న గడి ఖాళీగా ఉంది. నింపింది వాళ్లే అయినా మా అమ్మాయే సొంతంగా నింపుకున్నట్టు లెక్క. అందుకే తప్పు కూడా మా అమ్మాయిదే అయింది.

ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది కూడా తెలుసుకోవాలి. ఐ-751 మీద భర్త సంతకం లేకపోతే ఇక గతి లేదని బెదిరించేవారు ఉంటారు. నిజంగా చేసుకున్న పెళ్లి విడాకులతో ముగిసినా, భర్త మరణించినా, హింసకు గురైనా భార్య ఒక్కతే దరఖాస్తు చేసుకొనే వీలు చట్టంలోనే ఉంది. మాకు ఆ అవసరం రాలేదు, కాని అదే కన్సల్టెన్సీ మెట్ల మీద ఏడుస్తూ కూర్చున్న ఒక తల్లిని చూశాను కాబట్టి రాస్తున్నాను.

2025 నవంబరులో ఆ లాయరు, గడువు దాటడానికి కారణాన్ని వివరించే లేఖను, మేము కన్సల్టెన్సీకి పంపిన వాట్సాప్ సందేశాలను, తిరస్కరణ నోటీసును జతచేసి ఆలస్యంగా ఐ-751 వేశారు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అవకాశం ఉంది. కార్డు గడువును 48 నెలలు పొడిగించే రసీదు వచ్చింది, నిర్ణయం ఇంకా రావలసి ఉంది. మా అమ్మాయి ఆ రసీదును, గడువు తీరిన కార్డును ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకొని పనికి వెళుతున్నది. ఈ సంక్రాంతికి వస్తానన్న పిల్లను, నిర్ణయం వచ్చేదాకా దేశం దాటవద్దని లాయరు చెప్పినందున, మేమే రావద్దన్నాం.