పాత బండి హెడ్‌లైట్‌కి రిలే వైరింగా, ఎల్‌ఈడీ బల్బా?

మా బాబాయి పాత బండికి హెచ్4 రకం హాలోజెన్ బల్బు, హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55 వాట్లు, కానీ రాత్రి ఊరి రోడ్డు మీద గేదె దగ్గరికొచ్చేదాకా కనపడదు. అందరూ ఎల్‌ఈడీ పెట్టేయ్ అన్నారు, పెట్టాం కూడా. రెండు నిమిషాల పని, కరెంటు తక్కువ లాగుతుంది, తెల్లగా మెరుస్తుంది, కానీ ఆ రిఫ్లెక్టర్ హాలోజెన్ బల్బులో వెలిగే తీగ (ఫిలమెంట్) కోసం చేసింది కదా, ఎల్‌ఈడీ చిప్ కరెక్ట్‌గా అదే చోట కూర్చోకపోతే వెలుగు చెట్ల మీదికీ ఎదుటోడి కళ్ళలోకీ పోతుంది, వాన పడితే ఇంకా ఘోరం. ఇంజిన్ నుంచి నేరుగా ఏసీ కరెంటు వచ్చే బళ్ళలో అయితే మామూలు ఎల్‌ఈడీ మినుకుమినుకుమంటుంది.

తర్వాత పాత బల్బే మళ్ళీ పెట్టి, మల్టీమీటర్‌తో చూస్తే బండి స్టార్ట్‌లో ఉండగా బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు, బల్బు హోల్డర్ దగ్గర 11.8. మిగతాదంతా తుప్పు పట్టిన స్విచ్చి, సన్న వైర్లే తినేస్తున్నాయన్నమాట! హాలోజెన్‌కి వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పోతుంది మరి. హై, లోలకి చెరో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చి), బ్యాటరీ నుంచి ఫ్యూజుతో లావు వైరు, ఎర్త్ కూడా కొత్తది వేశాం, అదే పాత బల్బు పసుపు నుంచి తెలుపుకి తిరిగింది. పని మాత్రం ఒక ఆదివారం మొత్తం తినేసింది.

బ్యాటరీ మీద వెలిగే హెడ్‌లైటైతే నా ఓటు రిలేకే. 100 వాట్ల బల్బు జోలికి మాత్రం పోకండి, హోల్డర్ కరిగిపోద్ది.