అనంతపురంలో జీవాణువులు కలిపిన ఎరువుకు ప్రయోగశాల పరీక్ష
వేరుశనగ విత్తే ముందు, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా కలిపామని చెప్పి అమ్ముతున్న రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉన్న ఖనిజ శిల) గుళికల నమూనాను అనంతపురంలోని ఒక ప్రైవేటు ప్రయోగశాలకు ఇచ్చాను. భాస్వర శాతంతో ఆగకుండా, నమూనాను పలుచన చేసి, ఈ రకం బాక్టీరియాను గుర్తించేందుకు వాడే పోషక పదార్థమైన పికోవ్‌స్కయా మాధ్యమంపై పెంచి, అందులోని నీటిలో కరగని భాస్వర లవణమైన ట్రైకాల్షియం ఫాస్ఫేట్‌ను కరిగించి చుట్టూ తేటైన వలయం ఏర్పరచిన బాక్టీరియా సమూహాలనే వేరుగా లెక్కించడం ఎంతో మెచ్చదగినది. మొత్తం బాక్టీరియా ఎంత ఉన్నా, పనికివచ్చేవి ఎన్నో తెలియకపోతే రైతుకు ఆ అంకెతో ప్రయోజనం లేదు. పొడి రూపంలోని జీవన ఎరువులో గ్రాముకు కనీసం 5 కోట్ల సజీవ కణాలుండాలన్న ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రమాణాన్ని నివేదికలో పక్కనే ముద్రించారు. రుసుము సబబే. అయితే నమూనాలు స్వీకరించే గదిలో శీతల పెట్టె లేకపోవడం పెద్ద లోపం, ఎందుకంటే మే నెల ఎండకు బల్లమీదే బాక్టీరియా చనిపోతే, ఆ తప్పు తయారీదారుదిగా నివేదికలో నమోదవుతుంది.