శని, ఆదివారాలు మిర్చి యార్డుకు సెలవండీ

గుంటూరు మిర్చి యార్డుకు శని, ఆదివారాలు సెలవు. మన జనానికి ఊళ్లు తిరగడానికి కుదిరేదేమో ఆ రెండు రోజులే. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పంటలూ వంటలూ చూపించే యాత్రలు నడుపుదామని ఎవరనుకున్నా మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది.

మా బావమరిది అలా అనుకున్నవాడే. హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవులకొచ్చే అమెరికా చుట్టాల్నీ, ఆఫీసు స్నేహితుల్నీ వెంటేసుకుని మా వైపు తిప్పడం ఎలాగూ అలవాటే, అదేదో డబ్బులు తీసుకుని పద్ధతిగా చేస్తే పోలా అని వాడి ఆలోచన. ముందు మనవాళ్లతోనే ఒక విడత తిరిగి చూద్దాం బావా అన్నాడు. ఫిబ్రవరి చివర్లో టెంపో ట్రావెలర్ ఒకటి మాట్లాడి, మా రెండు కుటుంబాలూ, వాడి ఆఫీసు స్నేహితుల కుటుంబం ఒకటీ కలిసి బయల్దేరాం. చోటు చోటుకీ మార్కులు వేసే పని నాది. నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: మనం రాకపోయినా అక్కడ ఆ పని జరుగుతుందా? జరిగేదైతే చూడదగ్గ చోటు. మన కోసమే జరిగేదైతే అది నాటకం, టికెట్టు ధరని బట్టి మాట్లాడుకోవచ్చు.

బస సంగతి త్వరగా తేల్చేస్తా. విజయవాడలో బందరు రోడ్డు, గవర్నరుపేటల్లో ప్రతి జేబుకీ ఒక హోటలుంది, ఏసీ చల్లగా ఉండి బాత్రూములో వేడినీళ్లొస్తే చాలు. నది కావాలనుకునేవాళ్లకి భవానీపురంలో టూరిజం వాళ్ల బెర్మ్ పార్క్ ఉంది, పొద్దున్నే కృష్ణ కనిపిస్తుంది. పొద్దుటి టిఫినుకి గాంధీనగర్ బాబాయ్ హోటల్‌కి వెళ్లాం. ఇడ్లీ మీద వెన్న వేసి ఇచ్చే ఆ పద్ధతి కోసమే జనం వస్తారు. రద్దీ రోజుల్లో పిల్లలతో వెళ్తే మాత్రం కుర్చీ కోసం కాపలా కాయాలి.

ఇక మిర్చి యార్డు. ఆసియాలోనే పెద్ద మిర్చి మార్కెట్ అని ఊరంతా గొప్పగా చెప్పుకునే చోటు. గేటు ఇంకా దూరం ఉండగానే, అద్దాలు మూసి ఉన్నా, బండిలో ఒక్కొక్కరికీ దగ్గు మొదలైంది. లోపల ఎటు చూసినా టిక్కీలే. 40 కిలోల పైచిలుకు తూగే గోతం ఒక్కొక్కటీ. వాటి మధ్య సందులు ఒక మనిషి పట్టేంత. హమాలీలు వీపు మీద టిక్కీ వేసుకుని పరుగు లాంటి నడకతో వస్తుంటారు, వాళ్లకి ఆగడం కుదరదు. "పక్కకి జరగండయ్యా, కాళ్ల మీద పడుద్ది" అని ఒకాయన అరిచేదాకా మా వాళ్లు సెల్ఫీలు దిగుతూనే ఉన్నారు.

మమ్మల్ని తిప్పింది ఒక కమీషన్ కొట్టు గుమస్తా. ముందుగా మాట్లాడుకోకుండా వెళ్తే ఇక్కడ మనతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. ఆయన ఒక టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి పిల్లల చెవి దగ్గర ఊపాడు. గలగలమంటే ఆరినట్టు. మెత్తగా, చప్పుడు లేకుండా ఉంటే లోపల తేమ ఉన్నట్టు, ధర తెగ్గోస్తారు. తర్వాత ఒక కాయ విరిచి గింజ రంగు చూపించాడు. తెల్లగా పాలిపోయిన కాయల్ని ఏరి వేరే కుప్ప పోసి ఉంచారు, అవి తాలు, వాటి ధర వేరు. తేజ ఘాటుకి, బ్యాడిగి రంగుకి, 334 ఇంటి కారానికి అంటూ మూడు రకాలు పక్కపక్కన పెట్టి చూపించేసరికి, ఇన్నాళ్లూ కారం అంటే ఒకటే కారమనుకున్న హైదరాబాద్ అమ్మాయి ఫోన్లో రాసుకోవడం మొదలుపెట్టింది. ఆ 334 పుట్టింది ఇక్కడికి దగ్గర్లోని లాం పరిశోధనా కేంద్రంలోనే. గుంటూరు సన్నం మిర్చికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఒక్క ఇబ్బంది జరిగింది. స్నేహితుడొకడు ఒక రైతుని నేరుగా "రేటెంత పలికిందండీ?" అని అడిగేశాడు. ఆయన జవాబు చెప్పకుండా, "మీ ఊళ్లో కారం పొడి కిలో ఎంతకి కొంటున్నారయ్యా?" అన్నాడు. చెప్పాం. "అట్టనా" అని ఊరుకున్నాడు. 2025లో ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని ఒక లెక్క కట్టి ఆదుకుంటామనాల్సి వచ్చిన సంగతి ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. యాత్ర నడిపేవాడు బండి ఎక్కేటప్పుడే చెప్పాలి: రైతుని ధర అడగొద్దు, చెప్తే వినండి.

మార్కులు: యార్డుకి నూటికి తొంభై. పోయిన పది ఎందుకంటే, ఆడవాళ్లకి పనికొచ్చే బాత్రూము మాకు దగ్గర్లో ఎక్కడా దొరకలేదు. ఊళ్లో హోటల్లో కానిచ్చుకుని రావాల్సిందే. ఆయాసం ఉన్నవాళ్లని, చంటిపిల్లల్ని తీసుకురావద్దు. మాస్కు తప్పదు. కళ్లజోడు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. బయటికొచ్చాక చేతులు సబ్బుతో కడిగేదాకా మొహం ముట్టుకోకూడదని పిల్లలకి వందసార్లు చెప్పాలి, అయినా ఒకడు ముట్టుకుంటాడు. మే నెల్లో యార్డుకి వేసవి సెలవులిస్తారు కాబట్టి, అమెరికా వాళ్లు వచ్చే రోజులకి ఇది దాదాపు కుదరదు.

మధ్యాహ్నం భోజనం హైవే పక్కనున్న ఒక రిసార్టులో. పేరెందుకులెండి. "అచ్చమైన పల్లె అనుభవం" అని బోర్డు. తాటాకు పాక, రంగులేసిన బండి చక్రాలు, పంచె కట్టించి నిలబెట్టిన కుర్రాళ్లు. ఒక మూల ఎద్దు గానుగ. మేం కెమెరా తీస్తే ఎద్దు నడిచింది, పెట్టేస్తే ఆగింది, దానికీ డ్యూటీ తెలిసిపోయింది. రోట్లో గింజలు వేశారా అని వంగి చూస్తే అడుగున ఎప్పటిదో తెలకపిండి ఎండిపోయి ఉంది. పక్కన కొట్లో అమ్మే నువ్వుల నూనె సీసా మీద తయారీ చిరునామా వేరే రాష్ట్రానిది. విస్తట్లో వేసిన గోంగూర పచ్చడి మరీ దారుణం, పులుపు గోంగూరది కాదని మా ఆవిడ ఒక్క ముద్దకే తేల్చేసింది. గుంటూరు జిల్లాలో కూర్చుని! తలకి వాళ్లు తీసుకున్న డబ్బుతో గుంటూరు బ్రాడీపేటలో రెండుసార్లు కడుపునిండా తినొచ్చు. బావమరిది మాత్రం "బాత్రూములు శుభ్రంగా ఉన్నాయి బావా" అన్నాడు. అదొక్కటీ నిజమే, ఆ మాట కొట్టిపారేయలేను.

మర్నాడు దుగ్గిరాల. విజయవాడ నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజర్ ఎక్కితే దుగ్గిరాలలో దిగొచ్చు. యాత్రలో పిల్లలుంటే ఈ ముక్క రైలులోనే పెట్టమని నా సలహా. పసుపు యార్డు మిర్చి యార్డంత హడావిడిగా ఉండదు, పొడుగాటి కొమ్ములు ఒక కుప్ప, కాయలనే గుండ్రటి దుంపలు ఒక కుప్ప, మనుషులు నిలబడి మాట్లాడతారు. కానీ అసలు చూడాల్సింది యార్డు కాదు, పొలంలో పసుపు వండటం.

కొల్లిపర వైపు వెళ్లే దారిలో ఒక పెద్దాయన పొలానికి వెళ్లాం. నిరుడు వేసవి చివర్లో పెట్టిన దుంప, తొమ్మిది నెలలు భూమిలో ఉండి, అప్పుడే తవ్వకం అయింది. మట్టి దులిపిన పచ్చి కొమ్ముల్ని డ్రమ్ముల్లో పోసి ఆవిరి పట్టిస్తున్నారు. మూత సందుల్లోంచి వచ్చే వాసన ఇంట్లో పసుపు డబ్బా వాసన లాంటిది కాదు. పచ్చి మామిడల్లం, తడి మట్టి, కాస్త కర్పూరం కలిసినట్టుంటుంది, సాయంత్రం దాకా బట్టల్ని వదల్లేదు. పెద్దాయన ఒక కొమ్ము తీసి సన్నపుల్ల గుచ్చి చూశాడు. నెమ్మదిగా దిగింది. "ఇంకొంచెం ఉడికితే రంగు పోద్ది, ఉడక్కపోతే పుచ్చుద్ది" అన్నాడు. వండింది కల్లంలో పరిచి పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. మధ్యలో వాన పడిందా, అంతే. తర్వాత తిరిగే డ్రమ్ములో వేసి మెరుగు పట్టిస్తారు. ఐదు కిలోల పచ్చి పసుపు పోస్తే చేతికొచ్చేది కిలో అటూ ఇటూ. ఆ లెక్క వినగానే హైదరాబాద్ అమ్మాయి, "మరి ఇంత తక్కువకి ఎలా అమ్ముతారండీ?" అంది. పెద్దాయన నవ్వి ఎండిన కొమ్ముల వైపు నడిచాడు.

అక్కడ తలా రెండు కిలోలు కొమ్ములు కొన్నాం. కొనేవాళ్లకి ఒక మాట: కొమ్ముల్ని నేరుగా మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. రోట్లో నలగ్గొట్టి, కారం మరకి కాకుండా పసుపుకి వేరే మర ఉన్న చోట పట్టించుకోండి.

మధ్యాహ్నం భోజనం కృష్ణ ఒడ్డున లంక పొలాలు సాగుచేసే ఒకరింట్లో. యాత్ర మొత్తానికి ఇదే గట్టి ముక్క. అరటి దూట పెరుగు పచ్చడి, కంద బచ్చలి, అరటిపువ్వు కూర, ముద్దపప్పు, అప్పుడే నూరిన పండుమిర్చి పచ్చడి, గడ్డపెరుగు. కందా అరటీ ఆ ఇంటి పొలంలోవే. వడ్డించేటప్పుడు ఆ ఇంటావిడ ఒక షరతు పెట్టింది, "తినేటప్పుడు వీడియోలు తియ్యమాకండి, చేతులాడవు నాకు." అందరం ఫోన్లు పక్కన పెట్టాం. ఆ భోజనం అంత బాగుండడంలో దానికీ వాటా ఉంది.

తిన్నాక వాళ్లబ్బాయి తోటలోకి తీసుకెళ్లాడు. కర్పూర, చక్రకేళి, కూర అరటి. ఒక రేకుల షెడ్డు గోడ మీద నా భుజం ఎత్తున బురద గీత ఇంకా అలాగే ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్లు వదిలిన రోజుల నాటిది. గెలలు దిగే ముందు తోట మొత్తం పడిపోయిందట. మళ్లీ పిలకలు నాటారు. ఇవన్నీ అతను అరటిపండు ఒలిచిస్తూ మామూలుగా చెప్పాడు. మేం అడక్కపోతే చెప్పేవాడే కాదు.

ఒక పక్క అర ఎకరంలో రసాయనాలు లేకుండా కూరగాయలు వేస్తున్నారు. జీవామృతం అనే ఎరువుని బెల్లం, శనగపిండి, ఆవు పేడ, మూత్రంతో వాళ్లే కలుపుకుంటారు. ఆ డబ్బా మూత తీయగానే మా పిల్లలు పారిపోయారు. ఈ పద్ధతిని పల్లెపల్లెకీ తీసుకెళ్తున్న రైతు సాధికార సంస్థ గుంటూరు కేంద్రంగానే పనిచేస్తుంది. 2024లో పోర్చుగల్ వాళ్లిచ్చే గుల్బెంకియన్ బహుమతిలో మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయానికీ భాగం దక్కింది. అక్కడి టమాటా రుచి వేరుగా ఉందా అంటే, నా నాలుకకి పెద్దగా తేడా తెలియలేదు. వంకాయ మాత్రం లేతగా, వెన్నలా ఉంది.

ఆ రాత్రి వాళ్ల డాబా మీదే పడుకున్నాం. ఈ బస గురించి ఉన్నదున్నట్టు చెప్తా. గది ఒకటే, ఆడవాళ్లకిచ్చారు. బాత్రూము పెరట్లో, గడియ వదులు. దోమలు లంకల్లో ఉండాల్సినన్ని ఉన్నాయి, దోమతెర ఇచ్చినా ఒకటి రెండు లోపల కాపురం పెట్టాయి. డెబ్భై దాటిన అమ్మానాన్నల్ని ఇక్కడ పడుకోబెట్టను, వాళ్లని రాత్రికి తెనాలి హోటల్లో దింపడమే మేలు. మిగతావాళ్లకి మాత్రం నేను బెర్మ్ పార్క్ కంటే ఈ డాబానే చెప్తాను. తెల్లారగట్ల పాలు పితికే చప్పుడుకి లేచాం. అది మాకోసం పితికిన పాలు కాదు, పాల కేంద్రానికి పోసేవి. మా కాఫీకి అందులోంచే ఒక చెంబు తీశారు.

డబ్బు దగ్గర కాస్త గొడవైంది. బావమరిది వెళ్లేటప్పుడు కవర్లో పెట్టి ఇవ్వబోతే ఇంటాయన మొహం మాడ్చుకున్నాడు. "చుట్టాల్లెక్క వచ్చారు, ఇదేందయ్యా" అన్నాడు. నేను కల్పించుకుని, చుట్టాలుగా ఒకసారి వస్తాం బాబాయ్, రేపట్నుంచి వీడు వ్యాపారంగా తీసుకొస్తాడు, అప్పుడు ఊరికే పెడితే మీకు నష్టం, వాడికి పాపం అని నచ్చజెప్పాను. చివరికి ఇంటావిడే తేల్చింది: విస్తరికింత, తోట చూపించే వాళ్లబ్బాయి పూట పోతుంది కాబట్టి అతని కూలి విడిగా, గెలలు కొంటే తోట ధరకే. కూలి విడిగా అన్న మాట బావమరిదికి తట్టనే లేదు. ఇలాంటి యాత్రల్లో రైతు చేతికి రావాల్సిన డబ్బులో ముందుగా ఎగిరిపోయేది అదే.

తిరుగు దారిలో మంగళగిరి ఎక్కి పానకం తాగాం. స్వామి సగం తాగి సగం మనకి వదిలే ఆ బెల్లం నీళ్ల గురించి కొత్తగా చెప్పేదేముంది. ఎండన పడి వచ్చినవాళ్లకి బాగా పడింది.

బండిలో లెక్క మొదలైంది. ఆదివారాలే జనం వస్తారు బావా, యార్డు తీసేసి రిసార్టు పెడదాం అన్నాడు వాడు. వద్దురా అన్నాను. యార్డు లేని గుంటూరు చూపించడానికి నువ్వెందుకు, గూగుల్ మ్యాప్ చాలు. చివరికి కుదిరింది ఇదీ: ఆదివారం మధ్యాహ్నం విజయవాడలో దిగడం, సోమవారం పొద్దున్నే యార్డు, మంగళవారం దుగ్గిరాల, లంకలు. అంటే రెండు రోజులు సెలవు పెట్టగలిగినవాళ్లే రావాలి. బండికి పన్నెండు మందిని మించి ఎక్కించకూడదు, ఎందుకంటే ఆ ఇంటావిడ పొయ్యి మీద అంతకు మించి పట్టదు. రిసార్టు కొట్టేశాం, దాని బదులు గుంటూరు ఊళ్లోనే మెస్సు భోజనం.

మే నెల అమెరికా చుట్టాలకి ఇది పనికిరాదు కాబట్టి వాళ్లకి వేరే దారి వేయాలి. నున్న మామిడి మార్కెట్టు, అటునుంచి నూజివీడు తోటలు, చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి. ఏప్రిల్ చివర్లో కాయ దిగడం మొదలవగానే ఒకసారి వెళ్లి చూసొస్తాం. తోటలో నీడకి చోటూ, ఆడవాళ్లకి బాత్రూమూ ఉన్న రైతు ఎవరైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి.