కేయూ క్రాస్ రోడ్ కాడ జిరాక్స్ సెంటర్, టోపాలజీ నోట్సు కొట్టిస్తే ఏమైందంటే

షాపు పేరు రాస్తలేను, అన్న మంచోడే, కాకపోతే మొదటిసారి పని ఆగమాగం చేసిండు. హన్మకొండల కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్రాస్ రోడ్ దిక్కు ఉంటది, రెండు మిషన్లు, ఒక సిస్టం, పరీక్షలప్పుడు పోతే గంట నిలబడుడే.

నాది ఎమ్మెస్సీ మ్యాథ్స్, టోపాలజీల (సాగదీసినా వంచినా మారని ఆకార గుణాల లెక్క) సెమినార్ టాపిక్ జనరలైజ్డ్ మానిఫోల్డ్స్. మానిఫోల్డ్ అంటే యాడ దగ్గరికి పోయి చూసినా మామూలు జాగ లెక్కనే కనవడే ఆకారం. 160 పేజీల పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌ల పట్టుకపోయిన. అన్న చూసి "తమ్మీ, సైడుకు నాలుగు పేజీలు, బ్యాక్ టు బ్యాక్ కొడ్తే 20 షీట్లల్ల ఐపోతది, పైసలు మిగుల్తయ్" అన్నడు, నేను గూడ ఆశకు పోయి సరే అన్న. రూముకొచ్చి చూస్తే తలకాయ తిరిగింది. అక్షరాలు కనవడ్తున్నయ్ గాని హెచ్ పక్కన చిన్న అంకె పైన ఉన్నదా కింద ఉన్నదా తెలుస్తలేదు. వేరే సబ్జెక్ట్ అయితే నడిపిచ్చుకోవచ్చు, ఇది డ్యువాలిటీ (రెండు లెక్కల జోడీ) భయ్, కింద ఉంటే హోమాలజీ (ఆకారంల ముక్కలు, చుట్లు, బోలు లెక్కవెట్టుడు), పైన ఉంటే కోహోమాలజీ (దాని జోడీ లెక్క), ప్వాంకారే అనే మ్యాథ్స్ ఆయన చెప్పిందే ఏందంటే ఎన్ డైమెన్షన్ల క్లోజ్డ్ (అంచు లేకుండ, అనంతంగ పోకుండ ఉండే), ఓరియెంటబుల్ (కుడి ఎడమ తారుమారు కాని) మానిఫోల్డ్‌ల కే-వ కోహోమాలజీ, ఎన్ మైనస్ కే-వ హోమాలజీ ఒక్కటే అని. సైకిల్ ట్యూబు తీసుకోర్రి, లెక్క 1, 2, 1 వస్తది: ముక్క ఒకటి, చుట్లు రెండు, లోపల బోలు ఒకటి. ఎటు నుంచి చదివినా అదే. ఆ చిన్న అంకె పోయినంక 160 పేజీలల్ల మిగిలేదేంది?

బొమ్మలు ఇంకా ఘోరం. బింగ్ అనే మ్యాథ్స్ ఆయన 1957ల చేసిన డాగ్‌బోన్ స్పేస్ బొమ్మ ఉన్నది అండ్ల, అంటే కుక్క బొక్క (ఆంధ్ర దోస్తులకు బొక్క అంటే చిల్లి, మనకు ఎముక, టోపాలజీల రెండిటితోని పనే). ఒక బొక్క లోపల నాలుగు చిన్న బొక్కలు మెలికలు పడి ఉంటయ్, వాటిల్ల మల్ల నాలుగేసి, గట్ల పోతనే ఉంటది, చివరికి మిగిలిన ఒక్కో గీతను ఒక్కో పాయింట్‌కు నలిపేస్తడు. వచ్చేది మానిఫోల్డ్ కాదు, గాని ఏ పాయింట్ కాడ హోమాలజీ లెక్క చూసినా మామూలు మూడు డైమెన్షన్ల జాగ లెక్కనే ఉంటది, దాన్నే జనరలైజ్డ్ మానిఫోల్డ్ అంటరు, ఇసొంటి వాటికి గూడ డ్యువాలిటీ నడుస్తది. ఇంకో డైమెన్షన్ జోడిస్తే, అంటే దాన్ని ఒక లైన్‌తోని గుణిస్తే, సాఫ్ నాలుగు డైమెన్షన్ల జాగ ఐతది! నా సెమినార్‌ల అసలు మజా ఇదే, ప్రింట్‌ల మాత్రం టోనర్ మొత్తం అంటుకొని నల్లటి మచ్చ.

తెల్లారి మల్ల పోయిన. అన్న కొట్లాడలేదు, చూసి "అరె, ఇది నా తప్పే తమ్మీ" అని బొమ్మల పేజీలు ఫ్రీగ కొట్టిచ్చిండు, మిగిలినయి సైడుకు ఒకటే పేజీ, బ్యాక్ టు బ్యాక్. ఈసారి మెరిసిపోయింది. క్విన్ అనే మ్యాథ్స్ ఆయన 1987ల ఇసొంటి స్పేసులకు తీసిన ఇండెక్స్ గూడ, 8తోని భాగిస్తే 1 మిగిలే నంబర్, 1 అయితేనే ఆ స్పేస్ అసలు మానిఫోల్డ్ నుంచి (బింగ్ నలిపినట్టు నలిపితే) వచ్చినట్టు, అది గూడ డైమెన్షన్ 5 నుంచి పైన, ఆ 5 పక్కన గీత తోని సహా కనవడ్డది. ఇండెక్స్ 1 కాని స్పేసులు నిజంగ ఉంటయని బ్రయంట్, ఫెర్రీ, మియో, వైన్‌బెర్గర్ 1996ల చూపిచ్చిన పేజీ మాత్రం స్పైరల్ బైండింగ్‌ల తలకిందులు వడ్డది, సెమినార్‌ల పుస్తకం తిప్పి పట్టుకోని చదివిన, సార్ నవ్విండు.

స్టార్లు మూడు. రేటు తక్కువ, మాట మంచిగున్నది, మ్యాథ్స్ వాళ్లు మాత్రం ముందు ఒక్క పేజీ కొట్టిచ్చి పైన కింద అంకెలు చూసుకోని మిగిలింది చెప్పుర్రి. బైండింగ్ వేసేటప్పుడు పక్కనే నిలవడుర్రి.